తాడు వదలని నాన్న

సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా, ఈ ఉదయం మైపాడు ఒడ్డున పెద్ద వల బయటికొచ్చేదాకా మా నాన్న తాడు వదల్లేదు. తాడు పట్టినవాడు మధ్యలో పోకూడదన్నది మా రేవు కట్టుబాటు. ప్రోస్టేట్ పెరిగి, మాటిమాటికీ ఒంటికని సరుగుడు తోపులోకి పరిగెత్తాల్సి రావడంతో, ఎగతాళి పడలేక ఆయన ఆమధ్య వల లాగడమే మానుకున్నారు. నెల్లూరు డాక్టరు రాసిన మాత్రలు కొన్నాళ్లుగా వేసుకుంటూ, ఈరోజే మళ్లీ తాడు పట్టారు.

"ఏంది మామా, ఈరోజు తోపుకి పోలా?" అన్నాడు వెనక తాడు పట్టుకున్న శీనన్న.

"ఆ తోపు నీకే రాసిచ్చినా పో. ముందు గట్టిగా లాగు," అన్నారు నాన్న.

చేపలు పెద్దగా పడలేదు. నేను మాత్రం తిమింగలాన్ని పట్టినవాడి కొడుకులా ఒడ్డంతా తిరిగాను. మీ ఇంట్లోనూ సిగ్గుపడి దాచుకుంటున్న పెద్దాయన ఉంటే డాక్టరుకి చూపించండి. తర్వాత ఇక్కడికొచ్చి గొప్పలు చెప్పుకోండి, ఓపిగ్గా వింటాను.