లప్పంతో అతికించిన బోల్టు

1984 నాటి మాట. భద్రాచలంలో బస్టాండుకు కొంచెం అవతల బండ్లు బాగుచేసే నా రేకుల షెడ్డు. వచ్చేవన్నీ వెదురు లారీలు, కంట్రాక్టర్ల జీపులు. కారు రావడమే అరుదు. అలాంటిది ఆ కార్తీకంలో కోటేశ్వరరావు గారు తన తండ్రి కొన్న ఇంగ్లాండు కారును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి గోదావరి ఒడ్డున మిరప, పొగాకు పండించే కుటుంబం వాళ్లది. ఒక వరదలో ఆ కారు నాలుగు రోజులు నీళ్లలో నానిందట. అప్పటి నుంచి కదల్లేదు.

"మా అమ్మకి ఎనభై దాటాయి మేస్త్రీ. నాన్న కారులో ఒక్కసారి పర్ణశాల చూసి రావాలంటోంది. సోమవారం పొద్దుటికి కావాలి" అన్నారు.

"ఇంజన్ ఎట్లనో తిప్పుత సార్. కింద తుప్పు చూస్తేనే గుబులైతుంది" అన్నాను.

పాత బండికి ఇంజనే కష్టమని బయటివాళ్లు అనుకుంటారు. మమ్మల్ని ఏడిపించేవి బోల్టులు. స్టీరింగ్ బాక్స్ అని ఒకటుంటుంది. మనం చక్రం తిప్పితే ఆ తిప్పును ముందు టైర్లకు అందించే ఇనుప డబ్బా అది. ఆ కారులో దాన్ని మూడు బోల్టులతో ఛాసిస్‌కు, అంటే బండి చట్రానికి, బిగించారు. రెండు కంటికి కనిపిస్తాయి. మూడోది ఇంజనుకూ చట్రానికీ మధ్య సందులో ఉంది. రెండు వేళ్లు తప్ప చెయ్యి పట్టదు, పైనుంచి చూపు అసలే అందదు, బండి కిందికి దూరితే తల మాత్రం కనిపిస్తుంది. తడుముకుంటూ పానా తగిలించాలి. పక్కనే పెట్రోలు పైపు, కాబట్టి గ్యాసు మంటతో వేడి చేసే వీలు లేదు. కిరసనాయిల్లో బ్రేక్ ఆయిల్ కలిపి రెండు రోజులు చుక్క చుక్కగా పోశాను. సుత్తితో మెల్లగా తడుతూ కూర్చున్నాను. మూడో రోజు కిర్రుమని కదిలింది. నా అంతవాడు లేడనుకున్నాను.

బాక్స్ దించి, లోపల అరిగిన బేరింగు మార్చాను. తిరిగి బిగించేటప్పుడు చూస్తే మూడు బోల్టులూ నడుము దగ్గర తుప్పు తినేసి సన్నబడ్డాయి. కొత్తవి వేయాలి. ఆ కారుది పాత ఇంగ్లాండు థ్రెడ్, అంటే మర కొలత వేరు. విజయవాడలో వెతికితే తప్ప దొరకదు. అప్పటికే ఆదివారం మధ్యాహ్నం దాటింది. పాతవే వేశాను. మూడోదాన్ని గట్టిగా బిగిద్దామని పానాకు పైపు తొడిగి లాగాను. టక్కున తల ఊడి చేతిలోకి వచ్చింది. మిగతా ముక్క లోపలే ఉండిపోయింది.

బాక్స్ మళ్లీ దించాలి, ముక్కను డ్రిల్లు వేసి తీయాలి, విజయవాడకు మనిషిని పంపాలి. ఆ మాట రావు గారికి చెప్పాలి. చెప్పలేదు. మాట తప్పాడంటారన్న భయం. ఊడిన తలను, సొట్టలు పూడ్చే లప్పంతో దాని చోట్లోనే అతికించి, పైన నల్లరంగు పూశాను. మిగతా రెండూ గట్టిగానే ఉన్నాయి కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

సోమవారం పొద్దున్నే అందరూ వచ్చారు. స్టీరింగ్ ముందు రావు గారు, వెనక సీట్లో వాళ్ల అమ్మగారు, పక్కన రావు గారి కోడలు, కోడలి ఒళ్లో ఏడు నెలల పిల్లాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. అమ్మగారు కొబ్బరికాయ నా చేతికిచ్చింది. "నువ్వే కొట్టు నాయనా. బాగు చేసిన చెయ్యి కదా."

మొదటి దెబ్బకు పగల్లేదు. రెండోసారి గట్టిగా కొట్టాను.

కారు వెళ్లిపోయాక చాయ్ తెచ్చుకుని కూర్చున్నాను. అప్పుడు తట్టింది. మూడూ ఒకే నీళ్లలో నానినవి, ఒకే తుప్పు తిన్నవి. అదే పైపుతో మిగతా రెండింటినీ బిగించింది నేనే. మూడోది విరిగితే అవి మాత్రం ఎందుకు ఆగుతాయి? చాయ్ గ్లాసు పక్కన పెట్టి రోడ్డు మీదికి పరిగెత్తాను. వెదురు నరికే కూపుకు పోయే ఖాళీ లారీ దొరికింది.

"ఏందన్నా, మొహం గట్లయింది?" అన్నాడు డ్రైవరు.

"ముందు ఓ నల్ల కారు పోయింది. జల్దీ పోనియ్ తమ్మీ."

దుమ్ముగూడెం దారిలో అడుగుకో గుంత. ఒక్కో గుంతలో లారీ పడ్డప్పుడల్లా ఆ కారు ఇక్కడ ఎంత ఎగిరి ఉంటుందో లెక్కేసేవాణ్ణి. ప్రతి మలుపులోనూ సగం లేచి చెట్ల మధ్యకు చూశాను, విరిగిన కొమ్మలేమైనా కనిపిస్తాయేమోనని. పిల్లాడి మొహం కళ్లముందు నుంచి పోలేదు. ఒకచోట దూరంగా రోడ్డు మీద జనం గుంపు కనిపించింది. దిగాలంటే భయం, దిగకుండా ఉండలేను.

అది వాగు. కాజ్‌వే మీద, అంటే వాగుకు అడ్డంగా వేసిన పల్లపు రోడ్డు మీద, నీళ్లు పారుతున్నాయి. భుజాన గొడ్డలితో ఒక కోయ పెద్దమనిషి బండ్లన్నీ ఆపేశాడు. "నీళ్లు మోకాలు దాటినయ్. తగ్గనీండ్రి" అంటున్నాడు. వరసలో మొదట నల్ల కారు. అందరూ క్షేమంగా ఉన్నారు. ఏడుపొచ్చింది.

అమ్మగారు నన్ను చూసి సంబరపడింది. "చూశావురా కోటయ్యా, మనం ఎలా పోతున్నామోనని వెనకే వచ్చాడు. ఎంత శ్రద్ధ నాయనా నీకు!" అంటూ ఆకులో పులిహోర పెట్టి ఇచ్చింది.

ఆకు పక్కన పెట్టి కారు కిందికి దూరాను. నేను అతికించిన తల లేదు, లప్పం మరక మాత్రం ఉంది. రెండో బోల్టును వేలితో ముట్టుకుంటే గుండ్రంగా తిరిగింది. విరిగిపోయి ఊరికే నిలబడి ఉంది. మిగిలింది ఒక్కటి. వాగు దాటితే దారంతా గోదావరి గట్టు వెంబడే, పక్కన గోడ కూడా ఉండదు.

బయటికి వచ్చి రావు గారి ముందు నిలబడ్డాను.

"మూడో బోల్టు నిన్ననే విరిగింది సార్. లప్పం పెట్టి రంగేసిన. మీకు చెప్పలే. ఇప్పుడు ఇంకోటి పోయింది. బండి కదిలియ్యకుండ్రి."

ఆయన కొడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది. కోడలి ఒళ్లో పిల్లాడి వైపు చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఇలా ఇంకెన్ని బండ్లకి పెట్టావు?"

"రెండిటికి సార్."

"మరి ఇంకా నా ముందు నిలబడతావేం? వెళ్లి వాటి సంగతి చూడు."

నీళ్లు దిగాక వాళ్లు బస్సెక్కి పర్ణశాల వెళ్లారు. విజయవాడ నుంచి బోల్టులు తెప్పించి, కారు అక్కడే బాగు చేసి వాళ్ల ఇంటికి చేర్చాను. ఆ రెండింట్లో ఒకటి లారీ. అది వారంలోనే దొరికింది, సరిచేశాను. రెండోది జీపు. దాని ఓనరు బస్తర్ వైపు ఎవరికో అమ్మేశాడు. రెండుసార్లు వెళ్లి వెతికినా ఆచూకీ దొరకలేదు.

తుప్పు పట్టిన బోల్టు విరగడం తప్పు కాదు, ఎవరి చేతిలోనైనా విరుగుతుంది. దాన్ని దాచడమే తప్పని ఆ కారు నేర్పింది. ఆ తర్వాత నా చేతిలో ఏది విరిగినా, ఆ ముక్కను ముందు ఓనరు చేతిలో పెట్టి అప్పుడే మాట్లాడాను. తిట్టినవాళ్లున్నారు, బండి తీసుకుని వెళ్లిపోయినవాళ్లున్నారు. పని మానేసి ఇన్నేళ్లయినా, అడవి దారిలో ఎక్కడో బండి బోల్తా పడిందని ఎవరైనా అంటే, ఎవరికేమైందని అడగను. ఏం బండి అని అడుగుతాను. జీపు కాదని తెలిసేదాకా నాకు ఊపిరాడదు.