మల్లె మొదట్లో గాజుముక్కలు

కడియం తోటల్లో నేను అడుగుపెడితే మొక్కలమ్మేవాళ్లు మంచివన్నీ చాటుకు జరిపేసేవారు. మూసిన సంచిని చేత్తో తూచి లోపల వేళ్లెన్నో చెప్పేవాణ్ణి మరి! సరే, నిజం చెబుతాను. కడియం వెళ్లింది రెండేసార్లు. అందులో ఒకసారి బస్సులో నిద్రపోయి, దిగవలసినచోట దిగక.

అయినా మొక్కను చూడడం కొంత తెలుసు. పువ్వు చూసి కొనకూడదు. ఆకు తిరగేసి చూడాలి. మొదలు పట్టుకుని కదిపితే మట్టితో సహా కదలాలి. మొదలొక్కటే ఊగిందంటే, ఎక్కడో తవ్వి తెచ్చి మొన్నమొన్ననే సంచిలో కుక్కారన్నమాట.

తొంభై ఆరు తుఫానుకి అమలాపురంలో మా పెరటి కొబ్బరిచెట్టు పడి, మా ఆవిడ మల్లెదుబ్బు నలిగిపోయింది. కొబ్బరిచెట్టుకి ఏడవని మనిషి మల్లెకి ఏడ్చింది. మరుసటి నెలలో ముమ్మిడివరం దారిలో ఒకాయన రోడ్డు పక్కన మొక్కలు పెట్టాడు. వాటిలో ఒక గుండుమల్లె, మొదలు బొటనవేలంత లావు. కదిపాను. ఊగింది.

"ఎక్కడిదయ్యా ఇది?"

"ఐ.పోలవరం అవతలదండి. ఇల్లు పడిపోతే ఖాళీ చేసేసేరండి. ఎలాగూ ఎండిపోద్ది కదండీ."

అక్కడే వదిలేయవలసింది. కొన్నాను. ఇంట్లోనూ వీధిలోనూ మాత్రం, కడియంలో వంద మొక్కల్లోంచి ఏరి తెచ్చానన్నాను.

పాతేటప్పుడు మట్టిగడ్డ విప్పితే లోపల గాజుముక్కలు. పగిలిన గాజులు కాలికింద పడకూడదని కొందరు ఆడవాళ్లు మల్లె మొదట్లో వేస్తారు. ఎర్రవి, పచ్చవి, ఎన్నేళ్లవో. వాటి మధ్య చంటిపిల్లలకు తొడిగే నల్లగాజు ముక్క ఒకటి. మా ఆవిడ చూడకుండా అన్నీ ఏరి కాలవలో పారేశాను.

వేసవికి విరగబూసింది. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే పెరట్లో మొగ్గలు కోస్తున్న గాజుల చప్పుడు. వెళ్లి చూస్తే ఎవరూ లేరు, మా ఆవిడ వంటింట్లో ఉంది. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

ఆ రోజుల్లోనే ఒకామె వచ్చింది. చేతులు బోసిగా ఉన్నాయి.

"బాబుగారండీ, మొక్కలాయన ఇల్లు చెప్పేడండి. రాజోలు పక్కన అన్నయ్యగారింట్లో ఉంటన్నానండి. మొన్నెళ్లి చూస్తే మా పెరట్లో గొయ్యుందండి. ఆ మల్లె మాదేమోనండి."

మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది.

"కడియంనుంచి తెచ్చానమ్మా ఇది," అన్నాను.

"మొక్కొద్దండి. ఒక్క కొమ్మకి అంటు తొక్కుకోనిస్తే చాలండి. మొదట్లో గాజుముక్కలుంటాయండి. మా అమ్మాయి చంటప్పటివి కూడా ఉన్నాయండి. అది తుఫానులో పోయిందండి."

గునపం తెచ్చి ఆమె ఎదుటే మొదలు చుట్టూ తవ్వి చూపించాను. ఆమె కూర్చుని మట్టిని వేళ్లతో చాలాసేపు నలిపింది. ఒక్క ముక్క లేదు.

"పొరపాటు పడ్డానండి. ఏమీ అనుకోకండి," అని లేచి, తవ్విన మట్టిని తనే సర్ది వెళ్లింది.

ఆమె వీధి మలుపు తిరగకముందే నా మనసు నిలవలేదు. పరుగున బస్టాండుకి వెళ్లి పట్టుకున్నాను. నిజం చెప్పేశాను. వెనక్కి తీసుకొచ్చి, కొమ్మ వంచి మట్టి కప్పి అంటు తొక్కాను. వేళ్లు దిగాక నేనే రాజోలు తీసుకెళ్లి ఇచ్చాను.

ఇంతవరకు రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. బియ్యం ఏరుతున్నది తల కూడా ఎత్తలేదు.

"బస్టాండుకి ఎప్పుడెళ్లేరండీ? స్నానం చేసేరు, అన్నం తిన్నారు, చెయ్యి కడుక్కునేటప్పుడు నాకు నిజం చెప్పేరు. మర్నాడు అంటు తొక్కింది నేను. ఇచ్చిరండీ అంటే, ఆవిడ ఊరి పేరు అడగలేదన్నారు. ఆ అంటు గోడ పక్కన అలాగే ఉంది."