అందరూ కలిసి ‘జీ’ అన్న క్లాసు

1943. హైదరాబాదు జహనుమాలో ఒక ఆడపిల్లల బడి. టీచర్ ట్రైనింగులో నా ఆఖరి పరీక్ష అక్కడే పడింది. దాన్ని క్రిటిసిజం లెసన్ అనేవారు. మనం పిల్లలకు పాఠం చెబుతుంటే పరీక్షాధికారిణి వెనక కూర్చుని తప్పులు రాసుకుంటుంది. అందులో తప్పితే ఉద్యోగం లేదు. మళ్లీ కిషన్‌బాగ్‌లో మా బాపు బర్రెల కొట్టంలో పేడ ఎత్తాల్సిందే.

నిజం చెప్పాలంటే నాకు కాస్త పొగరుండేది. పాలమ్మి బతికే ఇంటిపిల్లనై ఉండి మెట్రిక్‌లో ఫస్టు క్లాసు తెచ్చుకున్నాను. లెక్కల్లో బహుమతి, ఉర్దూలో బహుమతి. ట్రైనింగులోనూ నేనే ముందు. ఒక్క పాఠం నన్నేం చేస్తుందిలే అనుకున్నాను.

ఆరోజు పాఠం పావు, అర, ముప్పావు. నిజాం కాలపు బడి కాబట్టి ఉర్దూలోనే చెప్పాలి, వేరే భాష దొర్లితే మార్కులు పోతాయి. బోర్డు మీద గుండ్రాలు గీసి, నాలుగేసి ముక్కలు చేసి, చక్కటి ఉర్దూలో చెప్పుకుపోయాను. “సమఝే?”, అర్థమైందా అని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో “జీ, ఉస్తానీ” అంది. జీ అంటే అవునండి, ఉస్తానీ అంటే టీచరమ్మ. పరీక్షాధికారిణి తల ఊపింది. అక్కడితో బోర్డు తుడిచేస్తే గట్టెక్కినట్టే.

ముందు వరుసలో బాలమణి అనే తెలుగు పిల్ల అందరికంటే గట్టిగా జీ అంది. కానీ దాని చూపు బోర్డు మీద లేదు, నా పెదాల మీద ఉంది. చిన్న క్లాసుల్లో నేనూ అలాగే పెదాలు చూసి జీ అనేదాన్ని. అర్థం కానిదంతా బట్టీ పట్టి ఫస్టు వచ్చేదాన్ని. నీకు తెలిసిందా అని విడిగా నన్నెవరూ అడగలేదు.

వెనక పెన్సిలు కదులుతున్న చప్పుడు. వద్దు వద్దు అనుకుంటూనే తెలుగులో నోరు తెరిచాను.

“బాలమణీ, మీ అమ్మ ముప్పావు సేరు పాలు అడిగింది. పాలాయన తాన పావు సేరు గిన్నె ఒక్కటే ఉన్నది. ఎట్ల పోస్తడు?”

“మూడుసార్లు పోస్తడు ఉస్తానీ. ఇంకోసారి పోస్తే సేరైతది.”

పరీక్షాధికారిణి లేచి నిలబడింది. తెలుగు ఎందుకు మాట్లాడావని ఉర్దూలో గట్టిగా అడిగింది. పిల్లలు జీ అన్నారు గానీ వాళ్లకేమీ తెలియలేదు మేడం అన్నాను. ఆమె బాలమణి వైపు తిరిగి, బోర్డు మీది గుండ్రం చూపించి, మూడు పావులు చూపించమని “తీన్ పావ్ దిఖావ్” అంది. ఆ పిల్ల భయంభయంగా వెళ్లి మూడు ముక్కలు సుద్దతో నింపింది. పరీక్షాధికారిణి మళ్లీ కూర్చుని చాలాసేపు రాసుకుంది.

పాసయ్యాను, అట్టడుగున. తెలుగు మాట్లాడినందుకు మార్కులు బాగా కోసేశారు.

“ఈసారి ఫస్టు రాలేదా బిడ్డా?” అన్నాడు బాపు.

“రాలే బాపు. పాసైన, గంతే” అన్నాను. ఏడుపు ఆగలేదు.

తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏ క్లాసులోనూ అర్థమైందా అని అడగలేదు. ఒక్కొక్కరినీ పిలిచి చేసి చూపించమన్నాను. ఆ బహుమతులు ఇప్పుడు ఎక్కడున్నాయో తెలియదు. పిల్లలందరూ కలిసి జీ అంటే మాత్రం ఇప్పటికీ నాకు భయం వేస్తుంది.