మునగని అల్లుడు

ఆ రోజుల్లో ఆదోనిలో పత్తి వ్యాపారస్తుల ఇంట్లో పుట్టి సన్నగా ఉండటమంటే ఇంటి పరువు తీయడమే. కొట్టు ముందు నిలబడ్డ మనిషి పొట్ట చూసే రైతు ధైర్యంగా బండి విప్పుతాడని మా నాయన నమ్మకం. 'తనకే తిండి లేనోడు మన పత్తికి ఏం రేటిస్తాడు' అనుకుంటాడట. అందుకని మా అమ్మ నాకు పాలు, నెయ్యి, భక్ష్యాలు ధారాళంగా పట్టించి, పంతొమ్మిదేళ్లు నిండేసరికి ఆ కొట్టుకు తగినవాడిగా తయారుచేసింది. (ఇప్పుడు నన్ను చూసినవాళ్లు ఈ మాట నమ్మరు. నా చొక్కాలో ఇంకొకరు కూడా పడతారు.) ఆ ఒంటివల్ల ఒక సుఖం ఉండేది. కొండ కింద దిగుడుబావిలో నా ఈడువాళ్లంతా సొరబుర్రలు కట్టుకొని ఈత నేర్చుకుంటుంటే, నేను ఏమీ కట్టుకోకుండా దూకి వెల్లకిలా పడుకునేవాణ్ణి. నీళ్లే నన్ను మోసేవి. తేలడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అని విర్రవీగేవాణ్ణి. మునగడం కూడా ఒక విద్యేనని, అది రాకపోతే పెళ్లాం కాపురానికి రాదని నాకెవరు చెప్పారు గనక!

మాఘమాసంలో నాకు ఎమ్మిగనూరు పిల్లతో పెళ్లయింది. మామగారిది ధాన్యం వ్యాపారం, ఊరి పక్కనే నిమ్మతోట. తలంబ్రాలు పోసేటప్పుడు ఆమె ఒక్కసారి కళ్లెత్తి చూసింది. ఉగాది దాకా నేను ఆ ఒక్క చూపుతోనే నెట్టుకొచ్చాను. ఉగాది తర్వాత ముహూర్తం పెట్టారు, బండి కట్టుకొని పోయి తెచ్చుకోవాలి. ఆమెను ఇంటికి తెచ్చుకోవాలని నాకెంత ఆశగా ఉండేదో చెప్పడానికి ఈ వయసులో సిగ్గుపడటం ఎందుకు? రాత్రీ పగలూ అదే ధ్యాస. అలాంటి సమయంలో నా పెద్ద బావమరిది పనిమీద ఆదోని వచ్చి, మా కొట్లో కూర్చుని మజ్జిగ తాగుతూ మెల్లగా అడిగాడు.

"బావా, నీకు ఈతొచ్చునా?"

"ఈతేంది, నీళ్లల్లో నిద్రే పోతాను" అన్నాను, పొట్ట నిమురుకుంటూ.

"నిద్ర గాదు బావా, మునగల్ల. మా అవ్వ సెప్పి పంపింది. మా తోట బాయిలో మునిగి, అడుగున మన్ను పిడికిట్లో పట్టుకొచ్చి గడప మీద పెట్టల్ల. ఆ మన్ను దాటే పిల్ల బండెక్కుతాది. మా ఇంట్లో ఆచారం."

"తేకపోతే?"

"తేకపోతే ఏముంది, పిల్ల ఆడనే ఉంటాది. ముహూర్తం దాటితే మూఢం వస్తాది గదా. మూఢం పోయినంక చూస్తాం లే అనింది అవ్వ. మా బాయి లోతు తెలిసినోడికే మా పిల్ల లోతు తెలుస్తాదంట."

ఆ సాయంత్రమే దిగుడుబావికి పోయి మునిగి చూశాను. గుండె నిండా ఊపిరి బిగబట్టుకొని దూకాను. ఎంత వేగంగా పోయానో అంత వేగంగా పైకి వచ్చాను. నీళ్లకు నామీద ప్రేమ ఎక్కువైపోయింది. సంగతి ఎవరితో చెప్పుకోవాలో తెలియక మా చిన్నాయనతో చెప్పాను. ఈయన మా నాయన తమ్ముడు, కొట్లో కాటా దగ్గర కూర్చునేవాడు. లోకంలో ఏ కష్టమైనా తూకంలో పెడితే తీరుతుందనే మనిషి.

"తేలుతాండావంటే బరువు సాల్లేదప్పా" అన్నాడు, క్షణం కూడా ఆలోచించకుండా.

"నేనా చిన్నాయనా బరువు తక్కువ?"

"మనిషికి సరిపోతావు. బాయికి సాలవు."

నన్ను తీసుకుపోయి పత్తి తూచే పెద్ద కాటాలో, బోరెం (పత్తి కుక్కిన పెద్ద గోతం) పెట్టే చోట కూర్చోబెట్టాడు. నా బరువు తెలిస్తే ఎన్ని రాళ్లు కట్టాలో లెక్క వస్తుందట. నేను కాళ్లు ముడుచుకొని ఊగుతుంటే బజారు బజారంతా వచ్చింది. "అరే సేఠ్, ఈ బోరెం రేటెంత?" అని ఒక బండి సాయిబు. "తడిసిన సరుకు మాదిరుందే, తరుగు తియ్యల్ల" అని ఇంకొక పెద్దమనిషి. మా చిన్నాయన మాత్రం ముల్లు మీంచి కళ్లు తిప్పలేదు.

మరునాటి నుంచి సాధన. కొట్లో ఇనప తూకపు రాళ్లు పంచెలో చుట్టి నా నడుముకు దట్టీలాగా బిగించాడు, వీపుకు చేంతాడు కట్టాడు. మొదటి దినం ధర్మంగా ఎక్కువే వేశాడు (మా కొట్లో ఎప్పుడూ లేని ధర్మం). నేను నేరుగా అడుగుకు పోయాను. పోయిన మాట నిజమే గానీ, పైకి రావడం నా చేతిలో లేదు. చేద లాగినట్టు లాగారు.

"మన్ను తెచ్చినావా?" అన్నాడు చిన్నాయన.

"ప్రాణం తెచ్చినాను, సాలదా?"

రాళ్లు తగ్గిస్తే తేలాను. ఒక వీసె కలిపితే సగం దాకా పోయి, కిందికీ పైకీ కాకుండా త్రిశంకు స్వర్గంలో నిలబడ్డాను. ఇలా తీస్తూ, వేస్తూ చివరికి రెండు వీసెలూ ఒక అరవీసె దగ్గర తూకం కుదిరింది. అంత బరువుతో అడుగు తాకి, కాళ్లు తన్నుకొని పైకి రాగలిగాను. చిన్నాయన మీసం దువ్వుకున్నాడు. అయితే ఒక చిన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. నేను గుండె నిండా గాలి నింపుకొని దూకుతున్నాను, ఆ గాలిని ముంచడానికే ఇంత ఇనుము కడుతున్నాం. పత్తిలో తడికి తరుగు తీయడం మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. గాలికి తరుగు తీయడం మా వ్యాపారంలో లేదు!

ముహూర్తానికి ముందురోజు మధ్యాహ్నం ఎమ్మిగనూరు తోటలో బావి చుట్టూ జనం. మగ్గాలు ఆపుకొని మరీ వచ్చారు ఇరుగుపొరుగువాళ్లు. బావమరుదులు గోచీలు బిగించి సిద్ధంగా ఉన్నారు. గట్టుమీద మంచం వేయించుకొని, ఆకువక్క నములుతూ అవ్వ కూర్చుంది. మా ఆవిడకు నాయనమ్మ, ఆ ఇంటికి కలెక్టరు. నేను పంచె కింద రాళ్లు దాచుకొని, కడుపుతో ఉన్న మనిషిలాగా అడుగులో అడుగు వేసుకుంటూ మెట్లు దిగుతున్నాను.

"ఏందప్పా అల్లుడా, నడుం పట్టిందా?" అంది అవ్వ.

పెద్దావిడ పలకరించింది గదా అని మర్యాదకు వంగి దణ్ణం పెట్టాను. అంతే, దట్టీ వదులై అరవీసె రాయి జారింది. టంగు టంగుమని ఒక్కొక్క మెట్టూ దిగి, బుడుంగుమని బావిలో పడింది. అందరూ నీళ్లవైపు చూశారు, తర్వాత నావైపు చూశారు.

"అదేందప్పా?"

"మా కులదైవం, అవ్వా" అన్నాను. ఆ క్షణంలో నోటికి అదే వచ్చింది.

పెద్ద బావమరిది నా నడుము తడిమి తక్కిన కులదైవాలను కూడా బయటికి తీశాడు. బావి చుట్టూ ఒకటే నవ్వు. అవ్వ మాత్రం నవ్వలేదు. "రాళ్లు కట్టితే సొరబుర్ర గూడా మునుగుతాది. మనిషి మునగల్ల" అని తీర్పు చెప్పేసింది.

ఇక చూడండి నా అవస్థ. ఊపిరి బిగబట్టి దూకాను. నీళ్లు లేచి గట్టుమీదివాళ్లను తడిపాయి, నేను లేచి మళ్లీ ఎండలోకి వచ్చాను. తల కిందికి పెట్టి పోదామంటే తల మాత్రమే పోయింది, కాళ్లు పైన గాలిలో తన్నుకుంటూ ఉండిపోయాయి. "బావా, నిద్రపో, నిద్రపో!" అని బావమరుదుల కేకలు. నేను తేలిన ప్రతిసారీ అవ్వ ముఖం వెలిగిపోయేది. ఎందుకంత సంతోషమో నాకు అర్థం కాలేదు, ఒళ్లు మాత్రం మండింది. చివరికి ఆవిడే, "పోనీలేప్పా, పిల్ల ఇంకొన్నాళ్లు ఈడుంటాది. కొంపేం మునగదు గదా" అంది. కొంపా మునగలేదు, నేనూ మునగలేదు.

అలసిపోయి మెట్టుమీద కూలబడ్డాను. రేపు ఖాళీ బండి తోలుకొని ఆదోనికి పోవాలి. మా అమ్మ దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు కలిపి వాకిట్లో నిలబడి ఉంటుంది. ఆ తలపు రాగానే ఏడుపు వచ్చేసింది. ఒళ్లంతా నీళ్లే గనక ఎవరూ కనిపెట్టలేదు. బావమరుదులు అవతలి గట్టున బట్టలు పిండుకుంటున్నారు. అప్పుడు ఎవరో మెట్లు దిగి వచ్చి నా పక్కన తువ్వాలు పెట్టారు. చేతి నిండా ఆకుపచ్చ గాజులు. తల ఎత్తలేదు, నావైపు చూడలేదు. ఎక్కడో నీళ్లకు చెబుతున్నట్టు చెప్పింది.

"ఊపిరి ఇడిసి మునగండి."

మా ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అది. (ఎవరి పెళ్లాలు మొదట ఏం మాట్లాడారో నాకు తెలియదు.) నేను "ఆఁ?" అన్నాను, తెలివితక్కువగా.

"బుగ్గలు పూరించుకొని దూకుతాండారు. గాలంతా లోపల పెట్టుకుంటే యాడ మునుగుతారు? దిగినంక మెల్లగా ఇడుస్తా పోండి" అని గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

లేచాను. ఈసారి దూకలేదు, మెల్లగా దిగాను. నీళ్లు గడ్డం దాకా వచ్చాక తల ముంచి కొంచెం ఊపిరి వదిలాను. కొంచెం దిగాను. ఇంకొంచెం వదిలాను, ఇంకొంచెం దిగాను. నా జన్మలో మొదటిసారి నీళ్లు నన్ను పోనిచ్చాయి. పైన నవ్వులు, కేకలు అన్నీ ఆగిపోయాయి. ఆకుపచ్చటి వెలుతురు, చెవుల్లో గుయ్యిమని చప్పుడు, అంతే. అరికాళ్లకు మెత్తగా బురద తగిలింది. చేతికి అందింది అందినట్టు గుప్పిట పట్టుకొని, అడుగును ఒక్క తన్ను తన్ని పైకి వచ్చాను.

"తెచ్చినాను!" అని అరిచి గుప్పిట విప్పాను. దారిలో మన్నంతా నీళ్లలో కలిసిపోయింది. వేళ్ల సందుల్లో మరక కూడా లేదు. అరచేతిలో నల్లగా అరవీసె రాయి ఉంది.

"మన్ను యాడప్పా?" అంది అవ్వ.

"కరిగిపోయిందవ్వా" అన్నాను, ప్రాణాలు గుప్పిట్లోనే పెట్టుకొని.

మా మామగారు గొంతు సవరించుకొని, "అమ్మా, అది అడుక్కు పోయిందని అందరమూ సూసినాము గదా. మన్ను కరిగితే కరిగింది, ఇనుము అబద్ధమాడదు" అన్నాడు. అవ్వ ఆ రాయిని తిప్పి తిప్పి చూసింది. దూరంగా నిలబడ్డ మనవరాలిని చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకొని, "సరే, అదే పెట్టండి గడప మీద" అంది. మరునాడు పొద్దున్నే మా ఆవిడ ఆ అరవీసె దాటి బండెక్కింది. ఎద్దులు కదిలాక కూడా అవ్వ వీధిలోనే నిలబడి ఉంది.

ఆ రాయిని మా చిన్నాయన మళ్లీ కాటాలో వేయనివ్వలేదు. తర్వాత వీసెలు పోయాయి, కిలోలు వచ్చాయి, కొట్టు కూడా పోయింది. అరవీసె మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉంటుంది. మొన్నొకరోజు దాన్ని చూస్తూ కూర్చుంటే నాకొక అనుమానం వచ్చింది. ఇన్నేళ్లూ ఎందుకు రాలేదో, అదీ నా తెలివి! శనక్కాయలు ఒలుస్తున్న మా ఆవిణ్ణి అడిగాను.

"అవునే, మీ చెల్లెలి మొగుణ్ణి బాయిలో దూకించలేదేం?"

"ఆచారముంటే గదా దూకించేకి" అంది, తల ఎత్తకుండానే. "మా అవ్వ మీకోసమే పుట్టించింది దాన్ని. పెళ్లిపందిట్లో మిమ్మల్ని సూసి, ఈ మనిషి ఏ జన్మకూ మునగడు, పిల్ల ఇంకొన్నాళ్లు నా పక్కలోనే పండుకుంటాది అనుకున్యాది. నన్ను పంపేకి మనసు రాలేదు ఆయమ్మకు."

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ నాకు మునిగే ఉపాయం ఎందుకు సెప్పినావు మరి?"

"పెట్టె సర్దుకొని కూసుంటి గదా" అంది. "మళ్లా ఎవరు ఇప్పుతారు?"

ఆ మెట్టుమీద తడిబట్టలతో కూర్చుని ఏడ్చిన లావుపాటి కుర్రవాడు గుర్తొచ్చాడు. పైన గట్టుమీద ఒక పిల్ల ఎప్పుడో పెట్టె సర్దుకొని ఉందని వాడికి తెలియదు, పాపం. వాడి తరఫున ఏదో చెబుదామని నోరు తెరిచి, ఊపిరి బిగబట్టుకొని అలాగే ఉండిపోయాను. ఆమె శనక్కాయల చేట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసి నవ్వింది.

"ఊపిరి ఇడవండి" అంది.