నాయన కాళ్లకు మొక్కిన ఉగాది

నా చిన్నప్పుడు ఒక ఏడాది పొడుగునా మా నాయన కాళ్లను ఎవరూ తాకలేదు. దసరాకు కొత్త లంగా కట్టుకుని మొక్కబోతే ఆయన కాళ్లు రెండూ పంచెలోకి లాక్కుని మొహం తిప్పేసుకున్నాడు. కన్నకూతురు మొక్కితే అరిగిపోతాడా అని నాకు కోపం వచ్చింది. అప్పుడు నాకేం తెలుసు!

మాది ధర్మవరం పక్కన నేతపని చేసే పల్లె. ఇంట్లో మగ్గం, ఊరవతల కొంచెం మెట్టచేను, అందులో ఎండిపోయిన బావి. వానలు మొహం చాటేసిన ఆ ఎండాకాలంలో నాయనా, మా చిన్నాయనా కలిసి బావిని ఇంకా లోతు చేయడానికి దిగారు. ఉన్నట్టుండి ఒడ్డు విరిగి మీద పడింది. నాయన రొమ్ముదాకా కూరుకుపోయాడు. ఆయన తమ్ముడు, మా చిన్నాయన, నాయన కాళ్ల కింద మట్టిలో ఉండిపోయాడు. ఊరంతా వచ్చి తవ్వి తీసేసరికి నాయన ఒక్కడే ప్రాణంతో మిగిలాడు.

విరిగిన కాలు కట్టు విప్పేనాటికి అతుక్కుంది. కానీ మనిషి అతుక్కోలేదు. మా మగ్గం గుంత మగ్గం. గుంత అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేయాలి. నాయన ఆ గుంత దాకా వచ్చి, లోపలి చీకట్లోకి చూసి, చెమటలు కక్కుతూ వెనక్కి వెళ్లిపోయేవాడు. సగం నేసిన వంకాయరంగు చీర అలాగే మగ్గం మీద ఉండిపోయి సాలెగూడు పట్టింది. పక్కింట్లో మగ్గం దబ్బుమంటే చాలు, ఉలిక్కిపడి గోడకు ఆనుకునేవాడు. పొద్దు వాలితే ఎవరికీ చెప్పకుండా చేనుకు పోయి బావి ఒడ్డున నిలబడేవాడు. ఏం చూసేవాడో తెలియదు. అమ్మ కట్టెలకని వంక పెట్టుకుని వెనకాలే పోయేది. ఏదో ఒక సాయంత్రం ఆమె ఒక్కతే తిరిగొస్తుందని నాకు భయం. పొయ్యి దగ్గర కూర్చుని దారివైపే చూస్తూ ఉండేదాన్ని.

కుండకు మూత పెట్టొచ్చు గానీ ఊరి నోటికి పెట్టలేం కదా. "తమ్ముడు పిలుస్తాండాడు. ఈ ఏడు దాటడు," అని మా గుమ్మం ముందే అనుకునేవారు. అవ్వ తాయెత్తు కట్టించింది. చిన్నకొడుకును పోగొట్టుకున్న మనిషి, పెద్దవాడు కూడా పోతాడేమోనని కూడు మానేసింది.

వారానికొకసారి టౌను ఆసుపత్రి జీపు మా బడి దగ్గరికి వచ్చేది. అందులో ఒక ఫిజియోథెరపీ మేడమ్ ఉండేది. ఊళ్లో అందరికీ ఆమె 'కసరత్తుల మేడమ్మ'. నాయన కాలు చూడటానికి ఇంటికి వచ్చి, కాలు వదిలేసి ఆయన భుజాలనే చూసింది. అవి చెవులదాకా లేచి ఉన్నాయి. "అన్నా, ఊపిరి బిగబట్టినావు. బావిలోనుంచి బయటకొచ్చి ఎన్ని నెల్లాయ, ఇంగా వదల్లేదు," అంది. ఆ మాటకు నాయన భుజాలు కొంచెం దిగాయి.

ఆమె చేసిన ఉపాయం వింటే మీరు నవ్వుతారు. శెనక్కాయ పొట్టు నింపిన గోనెసంచులతో మగ్గం గుంతను అంచుదాకా నింపించింది. వాటి మీద నాయన పాదాలు పెట్టి, ఊపిరి వదులుతూ మెల్లగా తొక్కాలి. కింద గట్టిగా ఉందని కాలికి తెలియాలి. ఆ లోతుకు అలవాటయ్యాక ఒక సంచి తీసేయాలి. వద్దంటే ఆ వారం తీయకూడదు. "దీంతోనే అంతా అయిపోదు, మనసు డాక్టరు కాడికీ పోవాల," అని కూడా చెప్పింది. పిచ్చి అంటారని నాయన దానికి ఒప్పుకోలేదు.

సంచులు తగ్గుతూ వచ్చాయి. ఉగాది నాటికి నాయన మోకాళ్లదాకా కాళ్లు గుంతలో దించి కూర్చోగలిగాడు. అది చూసి అవ్వకు ప్రాణం లేచొచ్చింది. "పోవే, మీ నాయనకు మొక్కు. బిడ్డ మొక్కితే పట్టిన పీడ పోతాది," అని నన్ను తోసింది. నాయన కళ్లు మూసుకుని ఊపిరి వదులుతున్నాడు. పాదాలు గుంతలో ఉన్నాయి కదా, నేను పక్కనుంచి చప్పుడు లేకుండా లోపలికి దిగాను. రెండు చేతులతో ఆయన చీలమండలు గట్టిగా పట్టుకున్నాను.

ఆ కేక మనిషి కేకలా లేదు. కాలు వచ్చి నా మూతికి తగిలింది. నోటినిండా నెత్తురు. నేను తలెత్తేసరికి నాయన లేడు. "అయ్యో, బావికాడికి పోయినాడే!" అని అవ్వ రొమ్ము బాదుకుంటోంది. అమ్మ అప్పటికే పరుగెత్తుతోంది. నెత్తురు మింగుతూ నేనూ పరుగెత్తాను.

నాయన బావి ఒడ్డున ఉన్నాడు. కాలివేళ్లు గాలిలో ఉన్నాయి. మట్టిపెళ్లలు విరిగి లోపల పడుతున్నాయి. ఎవరైనా అయితే వెళ్లి చేయి పట్టుకుని లాగేవారు. అమ్మ లాగలేదు. ఆయనకు కనపడేలా పక్కగా వచ్చి నిలబడి, మేడమ్మ వారంవారం చెప్పే మాటే అంది. "నేను వచ్చినాను. నిన్ను పట్టుకోను. మడమతో తొక్కు. నేల గట్టిగా ఉండాది. ఊపిరి వదులు." అదే మాట మళ్లీ మళ్లీ అంటూనే ఉంది.

చాలాసేపటికి మడమలు నేలలోకి దిగాయి. ఒక అడుగు వెనక్కి వేసి అక్కడే కూలబడ్డాడు. "వాడు నా కాళ్లు పట్టుకున్యాడు," అన్నాడు. "మట్టి కిందనుంచి. గట్టిగా పట్టుకున్యాడు. నేను కదల్లేకపోయినా. పట్టుకొని పట్టుకొని... వదిలేసినాడు." ఏడాదిగా ఎవరికీ చెప్పని మాట అది. అమ్మ ఆయన్ని చూసి ఏడ్చింది. నేను నా మూతిని తడుముకుని ఏడ్చాను.

మేడమ్మ వచ్చి అంతా విన్నది. ఎవరినీ తిట్టలేదు. సంచులన్నీ మళ్లీ గుంతలో వేయించింది. మనసు డాక్టరు దగ్గరికి ఈసారి నాయన తనే బయల్దేరాడు. తర్వాత మేడమ్మ నన్ను పిలిచి నాయన ఎదురుగా, ఆయన చూస్తుండగా, సంచుల మీద కూర్చోబెట్టింది. "అది నీ చెయ్యని ఆ కాలికి తెలీదు పాపా. ముందర కనపడాల. చెప్పాల. చెయ్యి చాపి ఊరికే ఉండాల," అంది. నేను అరచేయి చాపి కూర్చున్నాను. ఆ రోజు కాలు రాలేదు. ఆ తర్వాతా చాలా రోజులు రాలేదు. మగ్గం మీద సాలెగూడు దులిపిన రోజున మాత్రం, బండబారిన ఆ మడమ వచ్చి నా అరచేతిలో ఆనింది. బరువుగా ఉంది. వెచ్చగా ఉంది. నేను వేళ్లు ముడవలేదు.

వంకాయరంగు చీర పూర్తయింది. నాయన ముసలితనం దాకా నేశాడు. అంతా నయమైందని అబద్ధం చెప్పను. ఎంత చలికైనా కాళ్లమీద దుప్పటి కప్పనిచ్చేవాడు కాదు. ఇలాంటి భయానికి ఇప్పుడు పెద్ద పేరే ఉందట, మనవరాలు చెప్పింది. ఉండనీ. నా పైపెదవి మీద గాటు ఇంకా ఉంది. నిద్రపోతున్న పసిబిడ్డనైనా నేను పేరు పెట్టి పిలవకుండా తాకను. చాదస్తం అని కోడళ్లు నవ్వుకుంటారు.

నాయన పోయిన రోజు ఆఖరిసారి మొక్కమని నన్ను ముందుకు పంపారు. దుప్పటి బయటే ఉన్నాయి ఆ రెండు కాళ్లూ. అందరూ చూస్తున్నారు. నేను ఆయన ఎదురుగా వెళ్లి, మొహంలోకి చూసి, అరచేతులు చాపాను.

"నాయనా, నేను, పాపను. కాళ్లు పట్టుకుంటాండా," అని చెప్పాను. కాసేపు ఆగాను. ఆ తర్వాతే పట్టుకున్నాను.