రాజుగారి నెత్తిన మట్టితట్ట

బుకిట్ బటోక్‌లో నాతో ఫ్లాట్ పంచుకున్న హైదరాబాదీ మిత్రుడు యూనివర్సిటీలో ఇప్పటి ఇరాక్‌లోని ప్రాచీన సుమేరు పట్టణాల మీద పరిశోధన చేసేవాడు. ఐటీ ఉద్యోగాలంటూ మేమంతా సింగపూర్‌కి ఎగబడుతున్న రోజుల్లో ఇతనికి ఆ కాలపు రాతలున్న మట్టి పలకల పిచ్చేమిటా అని ఆటపట్టించేవాణ్ణి. ఒక ఆదివారం బిర్యానీ దమ్ మీద పెట్టి, పుస్తకంలో ఒక బొమ్మ చూపించాడు. జానెడు రాగి మనిషి, నెత్తిన తట్ట.

"కూలివాడా?" అన్నాను.

"కాదు భాయ్, ఊరిని ఏలే ఎన్సి. పూజలు జేసేది గాయనే, హుకుం ఇచ్చేది గాయనే. కానీ ఊరు, పొలాలు, గొర్లు అన్నీ దేవునియి. ఈయన ఉత్త గుమస్తా. గుడి కడితే మొదటి తట్ట మట్టి ఈయనే మొయ్యాలె. గిట్ల రాగిబొమ్మ జేసి పునాదిల పెట్టి పూడ్చేస్తరు."

"పూడ్చేస్తే ఎవరికి కనబడుతుంది?"

"దేవునికి."

రాజంటే పల్లకీ ఎక్కేవాడనుకున్నాను గాని, ఎవరూ చూడని చోట కూడా తట్ట మోస్తూ నిలబడేవాడని ఎన్నడూ అనుకోలేదు. బిర్యానీ చల్లారిపోతున్నా ఆ పేజీ తిప్పబుద్ధి కాలేదు.

తంజోంగ్ పగార్‌లోని మా ఆఫీసులోనూ పూజారీ ప్రభువూ ఒక్కరే. మా మేనేజరుది తెనాలి దగ్గర. కొత్త పని మొదలైనప్పుడల్లా సర్వరుకి కుంకుమబొట్టు పెట్టి, పక్కన నిమ్మకాయ ఉంచేవారు. కాగితం మీద రాసినట్టే ప్రతి ప్రోగ్రాములోనూ మొదటి వరుసలో 'శ్రీరామ' అని టైపు చేసేవారు. మెషీను ఆ వరుసను చదవకుండా వదిలేసేలా ముందు ఒక గుర్తు పెట్టేవారు. ఆ మర్నాడు, సోమవారం మాత్రం అలవాటు కొద్దీ, అలాంటి గుర్తులు పనిచేయని సరుకుల వివరాల ఫైల్లో కూడా కొట్టేశారు. ఆయన చెప్పగానే నేను ఫైలు లోడ్ చేసే బటన్ నొక్కాను. మెషీను ఆ ఫైలును ఒప్పుకోలేదు. మధ్యాహ్నం దాకా క్లయింటు బుకింగులన్నీ నిలిచిపోయాయి.

"లోడ్ చేసింది ఎవరు?" అని మీటింగులో క్లయింటు అడిగాడు. తెర మీద ఉన్నది నా లాగిన్. నన్నిక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ పొడిగింపు కాగితం మీద ఆ వారమే మేనేజరు సంతకం పడాలి. ఉద్యోగం పోతే విమానం ఎక్కడమే.

మేనేజరు ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన లేచి నిలబడ్డారు.

"ఆ వరుస టైపు చేసింది నేను. నొక్కమన్నదీ నేనే. అడగాల్సింది నన్ను" అని తెనాలి యాసలోని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు.

సాయంత్రానికల్లా ఆయన్ని తప్పించారు. నా కాగితం మీద సంతకమే మేనేజరుగా ఆయన చేసిన చివరి పని.

"మీరు మాట్లాడకుండా ఉంటే సరిపోయేది కదండీ" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"ఇయ్యాళ ఊరుకుంటే రేపు ఏ మొహం పెట్టుకుని ఆ నిమ్మకాయ పెట్టమంటావయ్యా? పద, టీ తాగుదాం."

ఫ్లాట్‌కి రాగానే మిత్రుణ్ణి అడిగి ఆ పుస్తకం మళ్లీ తెరిచాను. ఆదివారం తట్టనే చూశాను, మనిషిని చూడలేదు. అంత బరువు కిందా ఆ మెడ వంగలేదు.