శుక్రవారం మాత్ర

ఈ మధ్య నాకు మెలకువకూ నిద్రకూ తేడా సరిగా తెలియడం లేదు. బహ్రెయిన్‌లోని సల్మాబాద్ లేబర్ క్యాంపు నుంచి పనికి పోయే కంపెనీ బస్సులో కిటికీకి తల ఆనిస్తే, రోడ్డు పక్క తెల్లటి ఎండ నీళ్లలా కదులుతుంది. ఆ నీళ్ల మీద నా భార్య మందుల సంచితో నడిచి వస్తుంటుంది.

నాకు రక్త క్యాన్సర్, నెమ్మదిగా ముదిరే రకం. సెలవుకు ఊరెళ్లినప్పుడు బయటపడింది. రోజుకొక మాత్ర వేసుకుంటే అందరిలా బతకొచ్చని అక్కడి డాక్టరు చెప్పాడు. నేను తిరిగొచ్చాక, నా భార్య పట్నం ఆసుపత్రికి పోయి మాత్రలు తెచ్చి, సెలవు ముగించుకుని బహ్రెయిన్ వచ్చేవాళ్ల చేతికిచ్చేది. ఒకసారి, క్యాంపు గదిలో నా పక్క మంచం మీద ఉండే అతను, విమానాశ్రయంలో బరువెక్కువైందంటే తల్లి చేసిన సకినాలు తీసేశాడు గానీ నా డబ్బాలు ముట్టుకోలేదు.

ఆ మాత్ర కడుపులో తిప్పేది. ఒక పొద్దున బస్సులోనే వాంతి చేసుకున్నాను.

"నెల తప్పినట్టున్నవ్ బావా. చింతకాయ తెప్పియ్యమంటవా?" అన్నాడు ఆ పక్క మంచం అతనే. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాడు మాత్ర వేసుకోలేదు. సైటులో ఇనుము వంచుతుంటే ఎప్పటిలా కాళ్లు పట్టేయలేదు, ఒళ్లు గాలిలా ఉంది. డ్యూటీ లేని శుక్రవారం వేసుకుంటే చాలని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె వీడియో కాల్ చేసేదీ శుక్రవారమే. మాత్ర మింగి, నీళ్లు తాగి, నాలుక చాపి చూపించేవాణ్ని. ఆమె నవ్వేది. మిగతా మాత్రలు పెట్టెలో చొక్కాల కింద చేరేవి.

కొన్నాళ్లకు రక్తంలో తెల్లకణాలు మళ్లీ పెరిగాయి. జబ్బు కణాల్లో జన్యువు మారిందని, ఇక ఆ మందుకు లొంగదని ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఎప్పుడైనా మానేశావా అని హిందీలో అడిగింది. లేదన్నాను. ఆ అబద్ధం ఎంత మెత్తగా వచ్చిందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ సాయంత్రం పక్క మంచం అతను ఊరికి సామాను కట్టుకుంటున్నాడు. వచ్చేటప్పుడు నా మందులకని సంచిలో ఒక మూల చూపించాడు. నేను పెట్టె తెరిచి చొక్కాలు పక్కకు తీశాను. నిండుగా ఉన్న డబ్బా ఒకటి అతను చేతిలోకి తీసుకున్నాడు.

"నేను నవ్వినందుకేనా బావా?"

అతను నవ్వింది ఒక్క పొద్దున. తరువాతి పొద్దులన్నీ నావే. ఆ మాట అతనితో అన్నాను. నా భార్యకు కూడా ఫోన్‌లో అంతా చెప్పాను.

"శుక్రవారం శుక్రవారం నేను నవ్విన గద," అంది ఆమె.

మళ్లీ వెళ్లి డాక్టరమ్మకూ నిజం చెప్పాను. అలా మానడం వల్లే మారిందని ఖాయంగా అనలేనని, దానికి దారి ఇచ్చి ఉండొచ్చని ఆమె అంది. ఇంకా బలమైన మాత్ర రాసిచ్చి, గుండెనూ గమనించుకోవాలని చెప్పింది. అది కూడా పక్క మంచం అతనే తెచ్చాడు. ఈసారీ సకినాలు లేవు.

ఇప్పుడు రోజూ బస్సెక్కే ముందు నా భార్య వీడియో కాల్ చేస్తుంది. "నాలుక ఎత్తు," అంటుంది. కింద ఏమీ లేదని చూసి పెట్టేస్తుంది. నవ్వదు. కొత్త మందుకు జబ్బు లొంగిందో లేదో వచ్చే పరీక్షలో తెలుస్తుంది. నిన్న మాత్రం ఫోన్ పెట్టేయలేదు. బస్సు కదిలి ఎండలోకి వచ్చేదాకా నన్నే చూస్తూ ఉండిపోయింది.